నలుగురి బలం నాలుగా? పదహారా?

పిల్లలూ! ఆదివారం పూట ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఏ ఊరి రచ్చబండ దగ్గరకు వెళ్ళినా ఒక దృశ్యం కనబడుతుంది. నలుగురు కుర్రాళ్ళు నాలుగు సెల్‌ఫోన్లు పట్టుకుని తలలు వంచుకుని కూర్చుంటారు. ఉన్నట్టుండి ఒకడు "ఒరేయ్, వెనక! వెనక!" అని అరుస్తాడు. ఇంకొకడు "నేను పడ్డాను, లేపండిరా!" అని మొత్తుకుంటాడు. దారిన పోయే ముసలివాళ్ళు, వీళ్ళలో ఎవరూ కిందపడలేదే అని ఆశ్చర్యపోతారు.

వాళ్ళు ఆడుతున్నది తుపాకి ఆట. ఇటువంటి ఆటల్లో పబ్జీ పేరు అందరికీ తెలిసినదే. అది 2017లో కంప్యూటర్లకు, 2018లో సెల్‌ఫోన్లకు వచ్చింది. మన ప్రభుత్వం 2020 సెప్టెంబరులో దానిని నిషేధించింది. ఆ తరువాత 2021లో అదే ఆట భారతదేశానికని ప్రత్యేకంగా మరొక పేరుతో వచ్చింది. ఒక దీవిలో 100 మంది దిగుతారు. నలుగురు నలుగురు చొప్పున జట్లుగా తిరుగుతారు. చివరకు మిగిలిన జట్టు గెలిచినట్లు. మరికొన్ని ఆటల్లో ఎదుటి పక్షాన మనుషులు ఉండరు. నలుగురు స్నేహితులు కలిసి కంప్యూటరు నడిపే రాక్షసుల గుంపుతో పోరాడాలి.

ఇటువంటి ఆటలో గురి బాగా కుదిరినవాడు ఉన్న జట్టే గెలుస్తుందని చాలామంది అనుకుంటారు. అయితే గురిలో మొనగాళ్ళయిన నలుగురు, గురి అంతంతమాత్రంగా ఉన్న నలుగురి చేతిలో ఓడిపోవడం మీరు చూసే ఉంటారు. అదృష్టం అని సరిపెట్టుకోకండి. దీని వెనుక లెక్క ఉన్నది, శరీరశాస్త్రం ఉన్నది, అడవి జంతువులు మనకన్నా ముందే కనిపెట్టిన ఉపాయాలు ఉన్నాయి. అవేమిటో చూద్దాం.

లాంచెస్టర్ లెక్క

ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంజనీరు ఉండేవాడు. తొలినాళ్ళ మోటారు కార్లు తయారుచేసిన వారిలో ఆయన ఒకడు. మొదటి ప్రపంచయుద్ధం జరుగుతుండగా, 1916లో, విమానాల యుద్ధం గురించి ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో ఒక చిన్న లెక్క చూపించాడు. దానిని మన ఆటకు అన్వయించి చూద్దాం.

ఇటు నలుగురు, అటు ఇద్దరు ఉన్నారనుకోండి. అందరి గురీ సమానం, అందరి తుపాకులూ ఒకే రకం. ఒక్కొక్కరు సెకనుకు ఒక గుండు కాలుస్తారు. మనవైపు నుంచి సెకనుకు 4 గుళ్ళు పోతాయి. అవి అటు ఇద్దరికీ పంచితే తలకు 2. అటునుంచి సెకనుకు 2 గుళ్ళు వస్తాయి. అవి మన నలుగురికీ పంచితే తలకు అర. ఇప్పుడు చెప్పండి, 2 అనేది అరకు ఎన్ని రెట్లు? నాలుగు రెట్లు!

మనుషులు రెట్టింపే, కాని ఆధిక్యం నాలుగు రెట్లయింది. కారణం సులభం. మన సంఖ్య పెరిగినప్పుడు ఒకేసారి రెండు లాభాలు కలుగుతాయి. మనం కాల్చే గుళ్ళు పెరుగుతాయి, మనలో ఒక్కొక్కరికీ తగిలే గుళ్ళు తగ్గుతాయి. రెండు రెళ్ళు నాలుగు. కాబట్టి తుపాకి పోరులో జట్టు బలాన్ని దాని సంఖ్యతో కాక, సంఖ్య వర్గంతో కొలవాలన్నాడు లాంచెస్టర్. ఒక్కడి బలం 1 అయితే ఇద్దరిది 4, ముగ్గురిది 9, నలుగురిది 16.

ఇప్పుడు అసలు తమాషా చూడండి. ఇటు నలుగురు, అటు నలుగురు. అందరూ ఒకేసారి తలపడితే 16కు 16 సరి. ఎవరు గెలుస్తారో చెప్పలేం. అయితే అటువాళ్ళు నలుగురూ నాలుగు దిక్కులకు పోయి, ఒకరి తరువాత ఒకరు మన నలుగురికీ ఎదురుపడ్డారనుకోండి. మొదటివాడి బలం 1. మన 16లోనుంచి 1 పోతే 15. రెండవవాడితో 14, మూడవవాడితో 13, నాలుగవవాడితో 12. 12కు వర్గమూలం సుమారు 3.46. అంటే అటువాళ్ళు నలుగురూ పోగా మనలో మూడున్నర మంది మిగులుతారు! అర మనిషి మిగలడం ఏమిటని నవ్వకండి. ఇది సగటు. అనేకసార్లు ఆడితే కొన్నిసార్లు ముగ్గురు, కొన్నిసార్లు నలుగురు మిగులుతారని దాని అర్థం.

రెండు జట్లలోనూ నలుగురే. గురి సమానమే. విడిపోయినవాళ్ళు మాత్రం తుడిచిపెట్టుకుపోయారు. జట్టును వదిలి "నేనొక్కడినే చూసుకుంటాను" అంటూ ముందుకు ఉరికేవాడు తాను ఓడిపోవడంతో ఆగడు. వెనుక ఉన్న ముగ్గురి బలాన్ని 16 నుంచి 9కి దించిపోతాడు.

అలాగని నలుగురూ ఒకే చెట్టు చాటున ఇరుక్కోకూడదు. ఒక్క చేతిబాంబు పడితే నలుగురూ పోతారు. ఒకడికి ఆపద వస్తే మిగిలిన ముగ్గురూ అదే క్షణంలో గురిపెట్టగలిగేంత దగ్గర, ఒకే బాంబుకు ఇద్దరు చిక్కనంత దూరం — అది సరైన ఎడం.

తాడు లాగినవాళ్ళ కథ

అయితే నలుగురు కలిసి ఉన్నంత మాత్రాన బలం పదహారు అయిపోదు. ఒక్కొక్కప్పుడు నాలుగు కూడా కాదు. దీనిని కొలిచి చూపించినవాడు మాక్స్ రింగెల్మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు. ఆయన మనుషుల చేత తాడు లాగించి, ఎంత బలంతో లాగారో కొలిచాడు. ఆ ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. ఒక్కడే లాగినప్పుడు అతని లాగుడు 100 అనుకుంటే, ఇద్దరు లాగినప్పుడు తలకు 93 అయింది. ముగ్గురైతే 85. ఎనిమిది మంది కలిసినప్పుడు తలకు 49కి పడిపోయింది. అంటే ఎనిమిది మంది కలిసి నలుగురి పని చేశారు!

ఎందుకిలా జరిగింది? కారణాలు రెండు. మొదటిది, అందరూ ఒకే క్షణంలో లాగకపోవడం. ఒకడు లాగేటప్పుడు ఇంకొకడు ఊపిరి తీసుకుంటాడు. గోదావరి మీద పడవ లాగేవాళ్ళూ, అడవిలో దుంగలు దొర్లించేవాళ్ళూ "హైలెస్సా" అని ఎందుకు పాడతారో ఇప్పుడు తెలిసిందా? ఆ పాట అలుపు మరపించడానికే కాదు, అందరి బలమూ ఒకే క్షణంలో కలవడానికి.

రెండవ కారణం మనసుకు సంబంధించినది. "ఇంతమంది ఉన్నారు కదా, నేను కొంచెం తగ్గితే ఏమయింది?" అని మనకు తెలియకుండానే అనిపిస్తుంది. 1974లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఒక మనిషికి కళ్ళకు గంతలు కట్టి, నీ వెనుక మరికొందరు లాగుతున్నారని నమ్మించారు. నిజానికి వెనుక ఎవరూ లాగడం లేదు. అయినా అతని లాగుడు తగ్గింది! 1979లో మరికొందరు చప్పట్లతో, కేకలతో ఇటువంటి పరీక్షలే చేశారు. గుంపులో ఉన్నప్పుడు ఒక్కొక్కరి చప్పుడు తగ్గినట్లు తేలింది. ఎవరి పని ఎంతో విడిగా తెలుస్తుందని చెప్పినప్పుడు మాత్రం బద్ధకం పోయింది.

దీనినిబట్టి జట్టుకు కావలసినవి రెండు. ఒకటి, అందరూ ఒకేసారి కదలడానికి ఒక సంకేతం. రెండు, ఎవరి పని ఏదో ముందే తేల్చుకోవడం. ఈ రెండూ ఎలా సాధించాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

నాలుగు దిక్కులకు నాలుగు జతల కళ్ళు

పని పంచుకోవడంలో మొదటిది చూపు. మీ చెయ్యి ముందుకు చాచి బొటనవేలి గోరును చూడండి. మన కన్ను నిజంగా స్పష్టంగా చూడగలిగేది ఇంచుమించు ఆ గోరంత మేర, సుమారు 2 డిగ్రీలు మాత్రమే. చుట్టూ 180 డిగ్రీల దాకా ఏదో ఉన్నట్లు తెలుస్తుంది, కాని వివరం తెలియదు. కావాలంటే ఎదురుగా ఉన్న గోడమీది ఒక చుక్కనే చూస్తూ, పక్కకు చాచిన చేతిలోని పుస్తకం చదవడానికి ప్రయత్నించండి. వేళ్ళు కదిలితే తెలుస్తుంది, అక్షరం మాత్రం కనబడదు. సెల్‌ఫోను తెర ఇంకా ఇరుకు. ఆటలోని లోకంలో సుమారు 90 డిగ్రీల మేర మాత్రమే ఒకేసారి కనిపిస్తుంది. కొన్ని ఆటల్లో అంతకన్నా తక్కువే.

చుట్టూ తిరిగితే 360 డిగ్రీలు. 360ని 4 చేత భాగిస్తే 90. ఒక్కొక్కరు ఒక్కొక్క దిక్కు చూసుకుంటే నలుగురి జట్టుకు వెనుక అనేదే ఉండదు. నలుగురూ తుపాకి మోత వచ్చిన వైపే తలలు తిప్పారంటే, మిగిలిన 270 డిగ్రీలూ తలుపు తీసిన ఇల్లే.

ఈ ఉపాయం అడవికి ఎప్పటినుంచో తెలుసు. పాల్వంచ దగ్గర కిన్నెరసాని అభయారణ్యంలో చుక్కల దుప్పులు ఉన్నాయి. దుప్పుల మందలో అన్నీ ఒకేసారి తల వంచి మేయవు. కొన్ని మేస్తుంటే కొన్ని తలెత్తి చూస్తుంటాయి. మంద పెద్దదయిన కొద్దీ ఒక్కొక్క దుప్పి కాపలా కాయవలసిన సమయం తగ్గి, మేసే సమయం పెరుగుతుంది.

దుప్పులకు మరొక జాతితో కూడా జట్టు ఉన్నది. చెట్టు మీద కొండముచ్చులు ఉంటే కింద దుప్పులు చేరడం మన దేశపు అడవుల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. కొండముచ్చులు తిని రాల్చే ఆకులూ కాయలూ దుప్పులకు మేత అవుతాయి. అంతేకాదు, ఎత్తు మీద కూర్చున్న కొండముచ్చుకు చిరుతపులి దూరం నుంచే కనబడుతుంది. అది దగ్గినట్లుగా బొంగురు కేక పెడుతుంది. దుప్పికి ముక్కు, చెవి చురుకు. పొదచాటున పొంచి ఉన్న జంతువును అది పసిగట్టి కీచుమని అరుస్తుంది. ఒకరి కేక ఇంకొకరికి అర్థమవుతుంది. ఒకరికి కళ్ళు, ఒకరికి ముక్కు. రెండూ కలిస్తేనే కాపలా పూర్తి. ఆటలోనూ అంతే. దూరపు అద్దం బిగించిన తుపాకి ఉన్నవాడు మేడమీద, చప్పుడు కనిపెట్టగలవాడు గుమ్మం దగ్గర ఉండడం మంచిది.

మాట ఎలా ఉండాలి?

చూసినది చెప్పకపోతే చూడనట్లే. అయితే చెప్పడానికి సమయం పడుతుంది. కంటికి ఏదైనా కనబడిన తరువాత వేలు కదలడానికి మనిషికి సుమారు 0.2 సెకను కావాలి. దీనిని ప్రతిచర్యా కాలం అంటారు. మాటకు ఇంకా ఎక్కువ పడుతుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు సెకనుకు అయిదు నుంచి ఏడు అక్షరాలు పలుకుతాం. "ఒరేయ్ అక్కడున్నాడురా, అదిగో అక్కడ, కనబడటం లేదా?" అనడానికి మూడు సెకన్లకు పైగా పడుతుంది. అంతా విన్నాక కూడా "ఎక్కడ?" అనే ప్రశ్న మిగిలే ఉంటుంది! అతని "అక్కడ" మీ "అక్కడ" కాదు కదా. అదే "ఉత్తరం, పెంకుటిల్లు, ఇద్దరు" అన్నారనుకోండి. సుమారు రెండు సెకన్లలో దిక్కు, చోటు, సంఖ్య మూడూ తెలిసిపోయాయి. ఈ ఆటల్లో తెర పైభాగాన దిక్కులు చూపే పట్టీ ఉండేది ఇందుకే.

మంచి సంకేతానికి గొప్ప ఉదాహరణ మన భద్రాచలంలోనే ఉన్నది. వానాకాలంలో గోదావరి పెరిగినప్పుడు "నీళ్ళు బాగా వచ్చాయి" అంటే ఎవరికి ఏమి అర్థమవుతుంది? ఒడ్డున ఉన్నవాడికి ఒక అర్థం, మెరకన ఉన్నవాడికి ఇంకొక అర్థం. అందుకని నీటిమట్టాన్ని అడుగుల్లో చెబుతారు. 43 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అడుగులకు రెండవది. 53 అడుగులకు మూడవది. సంఖ్య వినగానే ఎవరు ఏమి చేయాలో ముందే తెలిసి ఉంటుంది. "రెండవ హెచ్చరిక" అన్న మాట చిన్నదే. దాని వెనుక ముందుగా చేసుకున్న ఒప్పందం మాత్రం పెద్దది. ఆ ఒప్పందమే లేకపోతే మైకులో ఎంత గట్టిగా అరిచినా అది కేక మాత్రమే.

కాబట్టి ఆట మొదలుపెట్టకముందే మీ జట్టు మాటలు తేల్చుకోండి. "ఆగు", "పద", "వెనక్కి", "మందు కావాలి" — పది మాటలు చాలు. ఒకరు చెబుతున్నప్పుడు ఇంకొకరు అడ్డు రాకూడదు. విన్నవాడు "సరే" అనాలి. "సరే" వినబడలేదంటే మాట చేరలేదన్నమాట. ఇంకొక సంగతి: తప్పు జరిగినప్పుడు తిట్లకు పట్టే సమయంలో మూడు సంకేతాలు చెప్పవచ్చు. తిట్లు ఆట అయ్యాక తిట్టుకోవచ్చు. అప్పటికి చాలావరకు అవసరం ఉండదు.

ఎవరికి ఏ పని?

రేచుకుక్క అని ఒక అడవి కుక్క ఉన్నది. ఎర్రని ఒళ్ళు, నల్లని కుచ్చు తోక. మన రాష్ట్రంలో కవ్వాల, అమ్రాబాద్ అడవుల్లో ఉన్నది. బరువు 15 కిలోల అటూ ఇటూ. అయినా తనకన్నా ఎన్నో రెట్లు బరువైన కణుజును పడగొడుతుంది. ఒంటరిగా కాదు సుమా, గుంపుగా. ఎ.జె.టి. జాన్‌సింగ్ అనే మన జీవశాస్త్రజ్ఞుడు 1970ల చివర కర్ణాటకలోని బందీపూర్ అడవిలో ఈ కుక్కలను నెలల తరబడి గమనించాడు. కొన్నిసార్లు అవి వరుసగా విడివడి పొదల్లో గాలిస్తూ వెళతాయి. ఏ కుక్కకు వేట కనబడితే అది మొదలుపెడుతుంది, మిగిలినవి కలుస్తాయి. మరికొన్నిసార్లు కొన్ని కుక్కలు పొదల్లోకి దూరి దుప్పిని తరుముతాయి, కొన్ని బయట అంచున నిలబడి పారిపోయే దారిని అడ్డుకుంటాయి. దట్టమైన అడవిలో ఒకదానికొకటి కనబడనప్పుడు ఈలవంటి కూతతో పిలుచుకుంటాయి.

అంచున నిలబడిన కుక్క పరుగెత్తలేదని దానికి మాంసం తగ్గదు. పిల్లలున్న గుంపులో, వేటకు వెళ్ళినవి తిరిగివచ్చి గుహ దగ్గర ఉన్న తల్లికీ పిల్లలకూ మేత కక్కి పెడతాయి. కాపలా ఉన్నదీ జట్టే, వేటాడినదీ జట్టే.

ఆటలో కూడా నలుగురూ తరిమేవాళ్ళే అయితే దారి కాచేవాడు ఎవడు? ఒకరు ముందు నడవాలి, ఒకరు దూరం చూడాలి, ఒకరు వెనుక కాయాలి, ఒకరు మందులూ గుళ్ళూ చూసుకోవాలి. దొరికిన తూటాలన్నీ ఒకడే సంచిలో నింపుకుంటే, మిగిలిన ముగ్గురి చేతుల్లో ఉన్నవి తుపాకులు కావు, కర్రలు. లాంచెస్టర్ లెక్కలో కాల్చగలిగినవాడే లెక్కకు వస్తాడు.

పని పంచేటప్పుడు మన ప్రాంతంలో ఆలోచించవలసిన సంగతి మరొకటి ఉన్నది. అడవి అంచు ఊళ్ళలో ఫోను సిగ్నలు అన్నిచోట్లా ఒకలా ఉండదు. మీరు వేలు నొక్కిన సంగతి టవరుకు చేరి, అక్కడినుంచి ఎక్కడో దూరాన ఉన్న సర్వర్ అనే కంప్యూటరుకు వెళ్ళి, జవాబు తిరిగి రావాలి. ఈ రానుపోను సమయాన్ని పింగ్ అంటారు. దానిని సెకనులో వెయ్యవ వంతులలో చూపిస్తారు. పింగ్ 200 అంటే 0.2 సెకను. అంటే మీ ప్రతిచర్యా కాలం రెట్టింపయినట్లే! మీ కన్నూ వేలూ ఎంత చురుకైనా మీరు వెనుకబడిపోతారు. అటువంటివాడిని చేతగానివాడని జట్టులోనుంచి తీసేయకండి. ముఖాముఖి కాల్పులకు పంపకుండా దూరం కనిపెట్టే పని, మందులు మోసే పని ఇవ్వండి. ఆ పనుల్లో 0.2 సెకను ఆలస్యం పెద్ద నష్టం కాదు.

పడినవాడిని లేపడం

ఈ ఆటల్లో దెబ్బ తిన్నవాడు వెంటనే పోడు. నేలమీద పాకుతుంటాడు. జట్టులో మరొకడు వచ్చి కొన్ని సెకన్లు పక్కన కూర్చుంటే తిరిగి లేస్తాడు. 2008లో వచ్చిన లెఫ్ట్ ఫోర్ డెడ్ అనే ఆటను ఈ సూత్రం మీదనే కట్టారు. అందులో నలుగురు ఒక పక్షం, జాంబీల గుంపు ఇంకొక పక్షం. కొన్ని జాంబీలు మీద పడి పట్టుకున్నాయంటే ఎంత మొనగాడైనా తనంత తాను విడిపించుకోలేడు. తోటివాడు రావలసిందే.

ఇది మనకు కొత్త కాదు. చెడుగుడులో కూతకు వెళ్ళినవాడు ఒకరిని అంటుకుని తిరిగివస్తే, అంతకుముందు చచ్చిన మనవాడు ఒకడు బతుకుతాడు కదా! ముందు చచ్చినవాడు ముందు బతకాలన్న వరుస కూడా ఉన్నది. అందువల్లనే మంచి కూతగాడు బయట కూర్చున్న తోటివాడిని మరచిపోడు.

అయితే లేపడానికీ ఒక లెక్క ఉన్నది. నలుగురి బలం 16. ఒకడు పడితే ముగ్గురు, బలం 9. అతనిని లేపడానికి ఇంకొకడు కూర్చుంటే కాల్చేవాళ్ళు ఇద్దరే, బలం 4! లేచాక మళ్ళీ 16. అంటే లేపే ఆ కొన్ని సెకన్లూ జట్టుకు అన్నిటికన్నా బలహీనమైన ఘడియ. ఎదుటివాడు ఎదురుచూసేది కూడా దానికోసమే. కాబట్టి పడినవాడి దగ్గరకు వెంటనే పరుగెత్తకూడదు. ముందు మిగిలిన ఇద్దరు శత్రువును తల ఎత్తనివ్వకుండా కాల్చాలి, లేదా పొగబాంబు వేయాలి. పడినవాడు గోడచాటుకు పాకాలి. ఆ తరువాత ఒక్కడే వెళ్ళి లేపాలి. ఇద్దరు వెళితే మిగిలేది 1.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన సరిహద్దు అడవుల్లో నిజమైన తుపాకి మోత విన్న పెద్దలు చాలామంది ఉన్నారు. అక్కడ పడినవాడిని పది సెకన్లలో ఎవరూ లేపలేరు. తెరమీది తుపాకిలో చూడవలసినది తుపాకిని కాదు, దాని చుట్టూ నలుగురు ఎలా కలిసి పనిచేస్తున్నారన్నది.

ఆట బయట

ఆ కలసి పనిచేయడం ఎందుకు పనికివస్తుందని అడుగుతారేమో. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు పెరిగింది. 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. మూడవ హెచ్చరిక 53 అడుగులని చెప్పుకున్నాం. దానిమీద 18 అడుగులకు పైగా! అటువంటప్పుడు పల్లపు వీధుల్లో ఇళ్ళు ఖాళీ చేయవలసి వస్తుంది. ఒక వీధిలో నలభై మంది ఉన్నా, ఎవరి పని ఏదో తెలియకపోతే రింగెల్మాన్ తాడు కథే అవుతుంది. ముసలమ్మను పక్కింటివాళ్ళు తీసుకువెళ్ళి ఉంటారని ప్రతివాళ్ళూ అనుకుంటారు.

అందుకని వాన కురవకముందే, ఇంట్లో పెద్దలతో కూర్చుని మీ వీధికి ఒక పట్టిక వ్రాయండి. నడవలేనివాళ్ళు ఏయే ఇళ్ళలో ఉన్నారు? వాళ్ళను తీసుకువెళ్ళేది ఎవరు? పశువుల తాళ్ళు విప్పేది ఎవరు? రేషను కార్డులూ సర్టిఫికెట్లూ ఉన్న సంచి ఎవరి చేతిలో ఉండాలి? ఏ హెచ్చరికకు ఏ పని? మెరక మీద చేరాక తలలు లెక్కపెట్టేది ఎవరు? పిల్లలు నీళ్ళలో దిగకూడదు. కాని కబురు చేర్చడం, "సరే" అనిపించుకుని రావడం, తలలు లెక్కపెట్టడం మీరు చేయగలరు. సెల్‌ఫోను ఆటలో ఇవన్నీ మీరు రోజూ చేస్తున్న పనులే.

మీరే చేసి చూడండి

1. ఒక స్కేలును స్నేహితుడు నిలువుగా పట్టుకోవాలి. దాని సున్నా గీత దగ్గర మీ వేళ్ళు తాకకుండా ఉంచండి. అతను చెప్పకుండా వదిలేయాలి, మీరు పట్టుకోవాలి. 10 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే మీ ప్రతిచర్యా కాలం 0.14 సెకను. 15 అయితే 0.17, 20 అయితే 0.20, 25 అయితే 0.23, 30 అయితే 0.25. అయిదుసార్లు చేసి సగటు తీయండి.

2. పదిమంది చేతులు పట్టుకుని వరుసగా, కళ్ళు మూసుకుని నిలబడండి. మొదటివాడు పక్కవాడి చేయి నొక్కాలి. నొక్కుడు అందిన వెంటనే ప్రతివాడూ తరువాతివాడి చేయి నొక్కాలి. చివరివాడు "సరే" అని అరవాలి. గడియారంతో ఎంత పట్టిందో కొలిచి పదితో భాగించండి. పదిసార్లు చేశాక ఆ కాలం ఎంత తగ్గిందో చూడండి. తగ్గిన ఆ కొంచెమే సాధన.

ఆలోచించండి

మీ జట్టులో అయిదుగురు ఉన్నారు. ఎదుటి పక్షంలో ఏడుగురు. వాళ్ళు ఒక్కసారిగా వస్తే 25కు 49, మీ పని అయిపోయినట్లే. అయితే వాళ్ళు ముందు ముగ్గురు, తరువాత నలుగురుగా విడిపోయి వచ్చారు. లాంచెస్టర్ లెక్క ప్రకారం ఎవరు గెలుస్తారు? మీరు తొమ్మిదవ తరగతి లోపే నేర్చుకునే ఒక ప్రసిద్ధ సిద్ధాంతం ఇందులో దాగి ఉన్నది. లంబకోణ త్రిభుజం ఒకటి గీసి చూడండి.